లేని డెంగీకి వేసిన బిల్లు: తిరుపతి జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. మాది చంద్రగిరి మండలంలో ఒక పల్లె. మా అమ్మకు స్క్రబ్ టైఫస్ (గడ్డిలో ఉండే చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) వస్తే, తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో డెంగీ అని చెప్పి ఐసీయూలో చేర్చుకున్నారు. డెంగీ కాదని వాళ్ల ల్యాబే రిపోర్టు ఇచ్చింది. ఆ తర్వాత కూడా డెంగీకే వైద్యం చేశారు, డెంగీకే బిల్లు వేశారు. బంగారం కుదువ పెట్టి ఆ బిల్లు కట్టాం. అందులో ఒక భాగం మాకు తిరిగి ఇప్పించమని, ఇలాంటి బిల్లులను విచారించే దారి ఒకటి ఈ జిల్లాలో ఏర్పాటు చేయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మీకు విడిగా ఇస్తున్న అర్జీలో ఆసుపత్రి పేరు, బిల్లులు, రిపోర్టులు అన్నీ జత చేశాను. ఇక్కడ మాత్రం పేరు రాయడం లేదు. విచారణ జరగాలి, వాళ్ల మాట కూడా మీరు వినాలి. ఆ లోపల ఎవరి పరువూ బజారుకు ఈడ్చడం నాకు ఇష్టం లేదు. అర్జీ ఇచ్చాక మళ్లీ నలుగురూ చదివేలా ఈ లేఖ ఎందుకంటే, ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. మా ఊళ్లోనే ఆసుపత్రి బిల్లు కవర్లో పెట్టుకుని, ఎవరిని అడగాలో తెలియక బీరువాలో దాచుకున్నవాళ్లు ఉన్నారు.

జరిగింది చెబుతాను. మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. రెండు పాడి ఆవులు ఉన్నాయి. తెల్లారేసరికి కొడవలి తీసుకుని గట్ల మీద గడ్డి కోసుకురావడం, శెనక్కాయ చేనులో కలుపు తీయడం ఆమె పని. వానలు పడి గడ్డి బాగా పెరిగిన రోజుల్లో జ్వరం మొదలైంది. తలనొప్పి, ఒళ్లంతా నొప్పులు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేశాడు, సెలైన్ పెట్టాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. వారం దగ్గర పడుతుండగా ఒక రాత్రి మాటలు తడబడ్డాయి, ఆయాసం వచ్చింది. కారు మాట్లాడుకుని తిరుపతికి తీసుకొచ్చాం. దారిలో మొదట కనిపించిన పెద్ద బోర్డు ముందు ఆపాం. ఆ టైములో ఎవరైనా అదే చేస్తారు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు వెంటనే చూశారు. ఆక్సిజన్ పెట్టారు, రక్తం తీశారు. అక్కడికక్కడే చేసే డెంగీ కార్డు టెస్టులో ఎన్ఎస్1 (రక్తంలో డెంగీ వైరస్ ఆనవాలు) పాజిటివ్ అని, ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలు ఉన్నాయని చెప్పారు. ఐసీయూలో పెట్టాలన్నారు, యాభై వేలు అడ్వాన్స్ కట్టమన్నారు. ఆ రాత్రి వాళ్లు చేసిన దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇది గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. స్క్రబ్ టైఫస్‌లో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి, లివర్ రిపోర్టులు చెడతాయి. వానాకాలంలో ఆ లక్షణాలు చూసి ముందు డెంగీ అనుకోవడం ఏ డాక్టరుకైనా జరగొచ్చు. అర్ధరాత్రి పది మంది రోగుల మధ్య నిలబడి నిర్ణయం తీసుకునే మనిషికి పొరపాటు పడే అవకాశం ఉంటుంది. ఆ పొరపాటుకు శిక్ష పడాలని మేం కోరడం లేదు.

మా గొడవ ఆ తర్వాతి దాని మీద.

కార్డు టెస్టు చూసి డెంగీని ఖాయం చేయకూడదు. మన ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే డెంగీని నిర్ధారించడానికి ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో ఎన్ఎస్1, ఐజీఎం (జబ్బుతో పోరాడటానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు) పరీక్షలు చేయాలని ఉంది. కార్డు మీద గీత కనిపిస్తే అనుమానిత కేసు కిందే లెక్క. ఈ సంగతి ఆ ఆసుపత్రి వాళ్లకు తెలుసు. అందుకే ఎలైజాకు కూడా రక్తం పంపారు, దానికి బిల్లు కూడా వేశారు. రిపోర్టు వచ్చింది. ఎన్ఎస్1 నెగటివ్, ఐజీఎం నెగటివ్. జ్వరం మొదలై అప్పటికి వారం దాటింది. అన్ని రోజులు గడిచాక ఐజీఎం కూడా నెగటివ్ వస్తే, ఇది డెంగీ కాదేమో, ఇంకేదో అయి ఉంటుందని వెతకాలి. డెంగీ జ్వరం మామూలుగా వారం లోపు దిగిపోతుంది. మా అమ్మకు జ్వరం దిగలేదు. నూట మూడు చూపిస్తూనే ఉంది.

ఆ రిపోర్టు ఫైల్లో ఉంది. దాని మీద ఎవరూ సంతకం పెట్టలేదు, ఎవరూ మాతో మాట్లాడలేదు. అది వచ్చిన రోజు సాయంత్రం మాకు చెప్పిన మాట ఒక్కటే. "కౌంట్ ఇంకా పెరగలేదు, ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, డోనర్‌ను చూసుకోండి."

కౌంట్ అనే మాట వింటే ఈ జిల్లాలో ఎవరికైనా గుండె జారిపోతుంది. తమ్ముడు తెలిసినవాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టాడు. శ్రీకాళహస్తి నుంచి ఒక కాలేజీ కుర్రాడు బస్సెక్కి వచ్చి, గంటకు పైగా మెషీన్ దగ్గర కదలకుండా పడుకుని ప్లేట్‌లెట్లు ఇచ్చి వెళ్లాడు. మాకు ఏమీ కాని పిల్లవాడు. మేం ఇవ్వబోయిన దారి ఖర్చులు కూడా తీసుకోలేదు. మా అమ్మకు ఎక్కడా రక్తస్రావం లేదు. రక్తస్రావం లేనప్పుడు కౌంట్ పది వేల కంటే కిందికి పోతేనే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించాలని మన దేశపు డెంగీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అమ్మకు అప్పుడు ముప్పై ఐదు వేలు. అంటే నిజంగా డెంగీ అయినా ఎక్కించాల్సిన పని లేదు. ఆ కుర్రాడి ఉపకారం, మా డబ్బు రెండూ అవసరం లేని చోట ఖర్చయ్యాయి.

ఆయాసం పెరిగింది. వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు, ఇంకో లక్ష సిద్ధం చేసుకోండి అన్నారు. మా దగ్గర లేదు. డబ్బు లేకే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాం, మా తెలివితేటల వల్ల కాదు. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా మా ఇష్టం మీద తీసుకెళ్తున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. దాన్ని లామా అంటారట. బాకీ మొత్తం కట్టేదాకా ఆమెను కిందికి దించనివ్వలేదు, డిశ్చార్జి కాగితమూ ఇవ్వలేదు. తమ్ముడి భార్య గాజులు, నా గొలుసు గోల్డ్ లోన్‌కు పెట్టి డబ్బు తెచ్చేసరికి సగం పూట గడిచింది. ఆయాసపడుతున్న మనిషికి సగం పూట అంటే ఏమిటో మీరు డాక్టరు, నేను చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పీజీ డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. ఫైలు తీసుకుని చూడకముందే "పెద్దమ్మా, నువ్వు పొలం పనికి పోతావా? గడ్డి కోస్తావా?" అని అడిగింది. తర్వాత తెర లాగి, నర్సును పక్కన పెట్టుకుని అమ్మ ఒళ్లంతా వెతికింది. చంకలు చూసింది, మెడ వెనక చూసింది, రొమ్ముల కింద చూసింది. లంగా బొందు కట్టుకునే చోట, నడుము మడతలో దొరికింది. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లగా పొక్కు కట్టిన చిన్న మచ్చ, చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే అమ్మకే తెలియదు. నన్ను లోపలికి పిలిచి చూపించి, "ఇది పురుగు కుట్టిన చోటు, అనుమానం స్క్రబ్ టైఫస్" అని చెప్పింది. పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా అప్పుడే మందు మొదలుపెట్టించింది. ఒకటిన్నర రోజులో జ్వరం దిగింది. తర్వాత ఐజీఎం రిపోర్టు స్క్రబ్ టైఫస్ పాజిటివ్ అని వచ్చింది.

స్క్రబ్ టైఫస్ కంటికి ఆనని చిన్న పురుగు పిల్లలు కుడితే వస్తుంది. గడ్డి, పొదలు, పొలం గట్లు వాటి చోటు. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా ఆ కాటుతో ఒంట్లోకి పోతుంది. త్వరగా గుర్తుపడితే దీనికి వాడే డాక్సీసైక్లిన్ మాత్ర ఒక్కోటి పది రూపాయల లోపే దొరుకుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని మనిషి చనిపోవచ్చు. మన పక్కనే రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రి వైద్యులు ముందుండి నడిపిన పరిశోధనలో, జబ్బు ముదిరినవాళ్లకు డాక్సీసైక్లిన్‌తో పాటు అజిత్రోమైసిన్ కూడా కలిపి ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుందని 2023లో ప్రచురించారు. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ మీద రాష్ట్రమంతా గగ్గోలు పుట్టినప్పుడు చిత్తూరు జిల్లా పేరు పదే పదే వినిపించింది. అంటే ఇది మన నేలకు కొత్త జబ్బు కాదు, ఎక్కడో పుస్తకంలో ఉండే జబ్బు కాదు. గడ్డి కోసే ఆడమనిషి జ్వరంతో వస్తే తిరుపతిలో ఏ ఐసీయూ అయినా మొదట అడగాల్సిన నాలుగు ప్రశ్నల్లో ఒకటి ఇదే.

ఇప్పుడు బిల్లు సంగతి. మొత్తం 2,13,640 రూపాయలు. ఎలైజా నెగటివ్ రిపోర్టు వచ్చేదాకా అయినది 84,310. ఆ తర్వాత వేసినది 1,29,330. ఈ విడదీత నేను చేసుకున్నది, వాళ్లిచ్చిన తేదీలను బట్టే చేశాను. మొదటి మొత్తం మీద మాకు పేచీ లేదు. ఎమర్జెన్సీలో చేర్చుకున్నారు, ఆక్సిజన్ ఇచ్చారు, పరీక్షలు చేశారు, దానికి డబ్బు తీసుకోవడం వాళ్ల హక్కు. రెండో మొత్తం మాత్రం, తమ కాగితమే కాదంటున్న జబ్బుకు చేసిన వైద్యం ఖర్చు. మాకు తిరిగి రావాల్సింది అదే.

ఆ రెండో మొత్తంలో ఏముందో కొంచెం చూడండి. మెరోపెనమ్ ఇంజెక్షన్లు పూటకొకటి చొప్పున ఉన్నాయి. చాలా ఖరీదైన యాంటీబయాటిక్. ఆ కోవకు చెందిన మందులేవీ స్క్రబ్ టైఫస్ క్రిమి మీద పనిచేయవని తర్వాత డాక్టర్లే చెప్పారు. అంటే అమ్మ ఒంట్లోకి రోజంతా మందు ఎక్కుతూనే ఉంది, జబ్బుకు ఒక్క చుక్క కూడా తగల్లేదు. ప్లేట్‌లెట్ల కిట్టు, ఎక్కించినందుకు ఛార్జీ, దాన్ని చూసినందుకు డాక్టరు విజిట్ ఉన్నాయి. ఆర్‌బీఎస్ అని ఒక లైను ఉంది. వేలికి గుచ్చి షుగర్ చూడటం. ఒకే రోజున ఇరవై నాలుగు సార్లు చూసినట్టు రాశారు, అంటే గంటకొకసారి. మా అమ్మకు షుగర్ లేదు. ఆమె వేళ్ల మీద అన్ని గాట్లూ లేవు. మానిటర్‌కు విడిగా, ఐసీయూ మంచానికి విడిగా, నర్సింగ్‌కు విడిగా, గ్లవ్స్‌కు పెట్టెల లెక్కన వేశారు. వాడకుండా మిగిలిన ఇంజెక్షన్లు ఫార్మసీకి వెనక్కి పంపామని నర్సు చెప్పింది. బిల్లులో వాపసు అనే పద్దే కనిపించలేదు. మందులు బయట కొనుక్కొస్తామంటే ఒప్పుకోలేదు.

ఇవన్నీ ఆ రాత్రి మాకు తెలియవు. డిశ్చార్జి రోజున మా చేతికి వచ్చింది ఒకే ఒక్క పేజీ. మందులు ఇంత, గది ఇంత, ల్యాబ్ ఇంత, ఇతరములు ఇంత. ఐటమ్ వారీగా బిల్లు కావాలని తర్వాత ఎంతో అడిగితే ఇచ్చారు. రోజువారీ వైద్యం రాసి ఉంచే కేసు షీటు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ఇవ్వలేదు. డిశ్చార్జి సమ్మరీలో ఎలైజా ఫలితం ప్రస్తావనే లేదు, డెంగీ ఫీవర్ అనే రాశారు.

బిల్లింగ్ మేనేజరుతో మాట్లాడాం. మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, ప్రోటోకాల్ ప్రకారమే ట్రీట్‌మెంట్ ఇచ్చాం, కట్టిన బిల్లు వెనక్కి ఇవ్వడం మా సిస్టమ్‌లో లేదు" అన్నారు. గట్టిగా అడిగితే పదిహేను వేలు డిస్కౌంట్ కింద ఇస్తామన్నారు. దానికి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇకపై ఎక్కడా ఫిర్యాదు చేయబోమని ఆ కాగితంలో ఉంది. మాకు పదిహేను వేలు చిన్న మొత్తం కాదు. అయినా సంతకం పెట్టలేదు. తప్పు లేకపోతే ఆ డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. తప్పు ఉందనుకుంటే నోరు మూసుకోమని అడగకూడదు.

చట్టం గురించి నాకు తెలిసింది కొంత చెబుతాను, మీకు తెలియదని కాదు, ఇది చదివే మా ఊరి వాళ్ల కోసం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో అదే కోర్టు, నిర్ణయంలో పొరపాటు జరిగినంత మాత్రాన దాన్ని నిర్లక్ష్యం అనలేమని, డాక్టర్లను ఊరికే క్రిమినల్ కేసుల్లోకి లాగకూడదని చెప్పింది. ఆ మాట న్యాయమైనదేనని నా అభిప్రాయం. డాక్టర్లు భయంతో వణుకుతూ వైద్యం చేస్తే నష్టపోయేది మనమే. అయితే 2010లో వి. కిషన్‌రావు కేసులో తీర్పు కూడా చూడాలి. హైదరాబాదులో ఒకామెకు మలేరియా వస్తే టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. భర్త కిషన్‌రావు జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్తే రెండు లక్షల పరిహారం, కట్టిన పది వేలు వాపసు ఇమ్మని ఆదేశం వచ్చింది. పై ఫోరాల్లో ఓడిపోయినా సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం కావాల్సిన పని లేదని ఆ తీర్పు చెప్పింది. మా అమ్మ ప్రాణంతో ఇంటికి వచ్చింది. ఆ విషయంలో మేం అదృష్టవంతులం. కానీ ఒక జబ్బుకు బదులు ఇంకో జబ్బుకు వైద్యం చేసి తీసుకున్న డబ్బును వాపసు అడగడం కొత్త కోరిక కాదని చెప్పడానికే దీన్ని గుర్తు చేస్తున్నాను.

2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా వేయాలో చెబుతారు. మేమూ వేస్తాం. కానీ అక్కడ తీర్పు వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో అందరికీ తెలుసు. గోల్డ్ లోన్ వడ్డీ అంతకాలం ఆగదు. పైగా కమిషన్ మా ఒక్క బిల్లునే చూస్తుంది. రేపు ఇంకో గడ్డి కోసే ఆమె అదే తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఆమెకు ఏం జరగాలో చెప్పగలిగింది మీరు.

ఎందుకంటే మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్, నియంత్రణ కోసం 2002లోనే చట్టం వచ్చింది. జిల్లాలో ఆ రిజిస్ట్రేషన్ల పని చూసేది మీ కార్యాలయం. ఆసుపత్రి నడవాలంటే మీ సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. ఆ సర్టిఫికెట్ పక్కనే ఇంకొన్ని కాగితాలు ఉండేలా చూడమని అడుగుతున్నాను.

ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర, క్యాష్ కౌంటర్ వెనక కాదు, ఐసీయూ రోజుకు ఎంత, వెంటిలేటర్‌కు ఎంత, డాక్టరు విజిట్‌కు ఎంత అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి పెట్టించండి. ఆ ఆసుపత్రిలో ఏయే విభాగాలకు ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో కూడా అక్కడే ఉండాలి. మాకు రేషన్ కార్డు ఉంది. చేర్చే రాత్రి అడిగితే "జ్వరాలకు మా దగ్గర రాదు" అన్నారు. నిజమేనా అని అక్కడికక్కడ కనుక్కోవడానికి ఆ గోడ మీద ఆ పథకం హెల్ప్‌లైన్ 104 నంబరు ఉన్నా చాలు. ఐసీయూలో ఉన్న రోగి బిల్లు ఏ రోజుకు ఆ రోజు కాగితం మీద బంధువుల చేతికి రావాలి. ఇరవై నాలుగు ఆర్‌బీఎస్‌లు ఆ రోజే కనిపించి ఉంటే ఆ రోజే అడిగేవాళ్లం.

కేసు షీటు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల ప్రవర్తనా నియమావళిలో 2002 నుంచే ఉంది. ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు దాచాలని కూడా ఉంది. ఇది డాక్టర్లకు తెలిసిన నియమం, రోగులకు తెలియని నియమం. మీరు ఒక సర్క్యులర్ ఇస్తే, ఇవ్వని ఆసుపత్రి వివరణ రాసుకోవాల్సి వస్తుంది. బాకీ ఉందని రోగిని ఆపకూడదని, ఐటమ్ వారీగా బిల్లు ఇవ్వాలని, మందులు తమకు నచ్చిన చోట కొనుక్కునే హక్కు రోగికి ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని అమలు చేయమని 2019లో రాష్ట్రాలకు రాసింది. మా అమ్మను కిందికి దించనివ్వని ఆ సగం పూట ఆ పత్రం ఆ గోడ మీద ఉంటే నేను దాని ముందు నిలబడి చదివి వినిపించేదాన్ని.

వీటన్నిటి కంటే నేను గట్టిగా అడిగేది ఇంకొకటి. బిల్లు మీద పేచీ వచ్చినప్పుడు, పేచీ ఉన్న మొత్తాన్ని పక్కన పెట్టి, పేచీ లేనిది కట్టించుకుని రోగిని పంపించేయాలి. పక్కన పెట్టిన మొత్తాన్ని మీ దగ్గర ఒక చిన్న కమిటీ చూడాలి. ఎస్వీ మెడికల్ కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరు, మీ కార్యాలయం నుంచి ఒకరు, వైద్యంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉంటే చాలు. ఎస్వీ మెడికల్ కాలేజీ 1960 నుంచి ఈ ఊళ్లో డాక్టర్లను తయారు చేస్తోంది, ఆ ఐసీయూల్లో పనిచేసేవాళ్లలో చాలామంది అక్కడ చదివినవాళ్లే. వాళ్ల గురువు అడిగితే సమాధానం సూటిగా వస్తుందని నా నమ్మకం. ఏ రోజున ఏ రిపోర్టు వచ్చింది, అది చూశాక వైద్యం మారిందా లేదా, మారకపోతే ఎందుకు? ఈ మూడు సంగతులు తేలితే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. న్యాయం ఆసుపత్రి వైపు ఉంటే రోగి మిగతాది కట్టాలి. అది కూడా మాకు సమ్మతమే.

ఈ ఏర్పాటు అన్ని ఊళ్లకూ అవసరమే, తిరుపతికి మరీ అవసరం. కొండకు వచ్చినవాళ్లలో ఎవరికో అలిపిరి మెట్ల మీద గుండె నొప్పి వస్తుంది, ఇంకొకరికి లాడ్జిలో ఫిట్స్ వస్తాయి. వాళ్లకు ఇక్కడ తెలిసినవాళ్లు ఉండరు, కొందరికి భాష కూడా రాదు. ఆటోవాడు ఎక్కడ దింపితే అదే ఆసుపత్రి. రైలు టికెట్టు రేపటికి ఉంటుంది, ఎంత అడిగితే అంత కట్టి వెళ్లిపోతారు, వెనక్కి వచ్చి అడిగే ఓపిక ఉండదు. మేం చంద్రగిరి వాళ్లం కాబట్టి ఆ కౌంటర్ దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లగలిగాం. ఒడిశా నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చిన ముసలి దంపతులు ఏం చేయగలరు?

ఇక జబ్బు గురించి ఒక్క కోరిక. వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా, ఐదు రోజులు దాటిన జ్వరంతో ఎవరు ఎమర్జెన్సీకి వచ్చినా నల్లమచ్చ కోసం ఒళ్లంతా వెతకాలని, డెంగీతో పాటు స్క్రబ్ టైఫస్ పరీక్ష కూడా పంపాలని, అన్ని ప్రైవేటు ఆసుపత్రులకూ రాతపూర్వకంగా ఆదేశం పంపండి. ఆడవాళ్లను ఆడ డాక్టరో నర్సో చూసేలా రాయండి, లేకపోతే మొహమాటానికి ఎవరూ లంగా బొందు దాకా వెతకరు. ఊళ్లలో ఆర్‌ఎంపీలకు, ఆశా కార్యకర్తలకు ఆ మచ్చ ఫోటో ఒకటి ఇవ్వండి. మా అమ్మకు ఆ మచ్చ మా ఇంట్లో ఉన్నప్పుడే ఉండి ఉంటుంది. చూడాలని మాకు ఎవరూ చెప్పలేదు.

అర్జీతో పాటు జత చేసినవి ఇవి: ఐటమ్ వారీ బిల్లు, కట్టిన రసీదులు, నెగటివ్ ఎలైజా రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, ప్రభుత్వ ఆసుపత్రి పాజిటివ్ రిపోర్టు, మచ్చ ఫోటో, కేసు షీటు కోసం మేం రాసిన ఉత్తరం నకలు. ఆసుపత్రి నుంచి పూర్తి కేసు షీటును ముందుగా మీరు తెప్పించండి. ఎలైజా రిపోర్టు వచ్చిన తేదీన డాక్టరు నోట్సులో ఏం రాశారో చూడండి. విచారణకు ఏ రోజు రమ్మన్నా నేను, మా తమ్ముడు వస్తాం. అమ్మ ఇప్పుడు లేచి తిరుగుతోంది, అవసరమైతే ఆమె కూడా వచ్చి చెబుతుంది.

ఇట్లు,
ఒక రోగి కూతురు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా.